కోల్డ్ స్టోరేజీలో శనగ ఉండగా పొలంలో మళ్లీ శనగేనా?

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది బాపట్ల జిల్లా, పర్చూరు దగ్గర పల్లె. సొంతం నాలుగెకరాలు, కౌలు ఐదెకరాలు, అంతా నల్లరేగడి. 2025 మార్చిలో శనగలు (జేజీ-11 రకం) క్వింటాలు 5,500కి అడిగారు. అంతకు ముందు దసరా రోజుల్లో ఏడు వేల దాకా పోయాయి కదా అని అమ్మలేదు. 60 క్వింటాళ్లు ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టి, వాటి మీద నూటికి రూపాయి వడ్డీకి రెండు లక్షలు తీసుకున్నా. అద్దె క్వింటాలుకు ఏడాదికి 200. ఇంకో 14 క్వింటాళ్లు ఇంట్లో ఉంచా. బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష అలాగే ఉంది. ఇప్పుడు వ్యాపారి 5,300 అంటున్నాడు. మొంథా తుపానుకు ఇంట్లో బస్తాలకు చెమ్మ తగిలింది, పుచ్చు కూడా పట్టింది. పోయినేడు మా ఊళ్లో చాలామంది బర్లీ పొగాకు వేసి దెబ్బతిన్నారు. ఈసారి అందరూ శనగ అంటున్నారు. నేనూ తొమ్మిదెకరాలూ శనగే వేద్దామనుకుంటున్నా. సరుకు అమ్మేయమని నా భార్య రోజూ చెబుతోంది. హైదరాబాద్‌లో ఉన్న బావమరిది ఆగమంటున్నాడు. ఆగాలా, అమ్మాలా? పొలంలో ఏం వేయాలి? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

సమాధానం: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివి, కాగితం మీద మీ లెక్క వేశాను. ముందు ఆ లెక్క చెబుతాను. నిద్ర పట్టకపోవడానికి సగం కారణం లెక్క తేలకపోవడమే.

ఏసీలో ఉన్న 60 క్వింటాళ్లు ఈరోజు ధరకు 3,18,000. ఇంట్లో ఉన్న 14లో పుచ్చు గింజ, తాలు, దుమ్ము పోను 11 క్వింటాళ్లు మంచివి వస్తాయనుకుందాం. వాటికి కాస్త తక్కువ ధరే వస్తుంది, 5,100 చొప్పున 56,000. మొత్తం 3,74,000. ఇక అప్పు: ఏసీ మీద రెండు లక్షలు, బయట లక్ష. మార్చి నుంచి ఇప్పటికి ఎనిమిది నెలలు. మీరు వడ్డీ ఏమీ కట్టలేదనుకుంటే రెండు అప్పుల మీదా నెలకు రెండేసి వేలు, అంటే చెరో 16,000. అద్దె 12,000. అన్నీ కలిపితే 3,44,000. అంటే ఇవాళ ఉన్నదంతా అమ్మి అందరివీ కట్టేస్తే మీ చేతిలో ఇంకా 30,000 మిగులుతుంది. మీరు మునిగిపోలేదు. ఈ మాట మీ ఇంటావిడకు కూడా చెప్పండి, ఆమె కూడా మీకంటే తక్కువ భయపడుతూ ఉండరు.

కానీ ఆ 30,000 అలాగే ఉండదు. రెండు అప్పుల వడ్డీ నాలుగు వేలు, అద్దె వెయ్యి, మొత్తం నెలకు ఐదు వేలు కరిగిపోతోంది. ధర ఇలాగే ఉంటే ఆరు నెలల్లో మీ మిగులు సున్నా. క్వింటాలు లెక్కన చూస్తే నెలకు 83 రూపాయలు, ఎనిమిది నెలలకు 667. కాబట్టి మార్చిలో 5,500కి అమ్మి ఉంటే ఎంతో, ఇవాళ 6,167కి అమ్మితే అంత. మీ బావమరిది ‘ఆగు’ అంటున్నప్పుడు ఈ 83 రూపాయల సంగతి ఆయనకు తెలిసి ఉండదు. ఫోన్లో ధర చూసేవాళ్లకు ధర ఒక్కటే కనిపిస్తుంది. సరుకు దాచుకున్నవాడికి మాత్రం ధర పెరగకపోవడమే నష్టం, తగ్గనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు రెండు ప్రశ్నలు అడిగారు, అమ్మాలా అని ఒకటి, ఏం వేయాలి అని ఒకటి. నాకు అవి రెండూ ఒకటే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. ఏసీలో ఉన్న శనగ, పొలంలో వేయబోయే శనగ ఒకే ధర మీద ఆధారపడ్డాయి. తొమ్మిదెకరాలూ శనగే వేసి ఎకరాకు ఏడు క్వింటాళ్లు పండితే 63 కొత్తవి. పాత 60తో కలిపి 123 క్వింటాళ్లు. ధర ఐదు వందలు పడితే ఒక్క దెబ్బకు 61,500 పోతుంది. పాతవి 20 మాత్రమే ఉంచుకుని, నాలుగెకరాల్లో వేసి 28 పండిస్తే, అదే ఐదు వందలకు పోయేది 24,000. ధర పెరుగుతుందో పడుతుందో నేను చెప్పలేను, చెప్పగలనన్నవాడిని మీరు నమ్మొద్దు కూడా. కానీ పడితే ఎంత పోవాలన్నది ఈ నెలలో మీ చేతిలో ఉంది.

అమెరికాలో వ్యవసాయ శాఖ ఏటా మార్చి నెలాఖరున రెండు లెక్కలు ఒకే రోజు బయటపెడుతుంది. రైతులు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయబోతున్నారన్నది ఒకటి, గోదాముల్లో, రైతుల గాదెల్లో ఎంత ధాన్యం ఉందన్నది రెండోది. ఆ రోజు మార్కెట్లన్నీ దానికోసం ఎదురుచూస్తాయి. రాబోయే పంట, ఉన్న నిల్వ పక్కపక్కన పెట్టి చూస్తేనే ధర ఎటు వెళ్తుందో కొంత అంచనా వస్తుంది కాబట్టి. మన పల్లెకు అంత ఏర్పాటు లేదు గానీ, మీ స్థాయిలో మీరూ చేయొచ్చు. మీ చుట్టుపక్కల రెండు మూడు కోల్డ్ స్టోరేజీల్లో శనగ బస్తాలు ఎన్ని ఉన్నాయో గుమస్తాను అడగండి. రైతు సేవా కేంద్రానికి వెళ్లి మీ ఊళ్లో శనగ విత్తనం ఎంతమంది తీసుకున్నారో కనుక్కోండి. రెండూ ఎక్కువే అయితే మీకు సమాధానం వచ్చినట్టే.

ఊరంతా ఒకే వైపు పరిగెత్తితే ఏమవుతుందో బర్లీ పొగాకులో మీ ఊరివాళ్లే చూశారు. మంచి ధర వచ్చిన ఏడాది చూసి మరుసటి ఏడాది అందరూ వేశారు. కొనేవాళ్లు ముఖం చాటేశారు, చివరికి 2025లో ప్రభుత్వం తన మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. ఆ పొలాలన్నీ ఇప్పుడు శనగకు వస్తే, మీ మండలంలో ఫిబ్రవరిలో ఎన్ని లారీలు కదులుతాయో ఊహించుకోండి.

శనగలో కూడా ఈ కథ కొత్తది కాదు. 1999లో జేజీ-11 విడుదలయ్యాక ఒంగోలు, పర్చూరు, నంద్యాల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల రాత మారిపోయింది. పత్తిలో, పొగాకులో దెబ్బతిన్నవాళ్లు, వాన నీళ్లు తాగిన నేల పదునుతోనే మూడు నెలల్లో చేతికొచ్చే పంట దొరికిందని సంతోషించారు. పంట పెరిగింది, దాచుకోవడానికి కోల్డ్ స్టోరేజీలు వచ్చాయి. 2012లో ధర బాగా ఉంది. మా మేనమామ నాగులుప్పలపాడు వైపు రైతు. 2013లో పండిన పంట 140 బస్తాలు అమ్మకుండా దాచాడు, బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. ఆ అప్పు డబ్బుతోనే మళ్లీ పొలమంతా శనగ వేశాడు. 2014లో కొత్త పంట వచ్చేసరికి బయట ధర అప్పటి మద్దతు ధర 3,100 కంటే కిందకు పడిపోయింది. పాత బస్తాలు కొనేవాడు లేడు, కొత్త బస్తాలు పెట్టడానికి స్థలం లేదు. బ్యాంకు నుంచి వేలం నోటీసు వచ్చిన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఏమీ జరగనట్టు పశువులకు మేత వేయడానికి వెళ్లాడు. అత్త మాత్రం వంటింట్లో కూర్చుని లెక్క వేస్తోంది, అమ్మాయికి చేయించిన గొలుసు ఎంతకు పోతుందని. అందుకే మీ భార్య మాట కొట్టిపారేయొద్దంటున్నాను. ఇంట్లో ఏది అమ్మాల్సి వస్తుందో ముందు వాళ్లకే తెలుస్తుంది.

దాచినవాడు ఎప్పుడూ నష్టపోతాడని నేననను. 2014, 2015లో వరసగా వానలు లేక దేశమంతా పప్పు తగ్గిపోయినప్పుడు, 2016లో శనగ ధర ఎన్నడూ చూడనంత పెరిగింది. అప్పటిదాకా సరుకు ఉంచుకున్నవాళ్లు బాగుపడ్డారు. కానీ అది చూసి ఊళ్లకు ఊళ్లు మళ్లీ శనగ వేశాయి, 2018లో ధర మళ్లీ మద్దతు ధర కిందకు వచ్చింది. కోల్డ్ స్టోరేజీల్లో నిల్వలున్న రైతులకు 2019లో రాష్ట్ర ప్రభుత్వం ధరలో తేడా కొంత చెల్లించాల్సి వచ్చింది. దాచి లాభపడ్డవాళ్లను గమనిస్తే ఒకటి కనిపిస్తుంది. వాళ్ల మీద వడ్డీ లేదు. అప్పు లేని సరుకు ఎన్నాళ్లయినా కూర్చుంటుంది, అప్పున్న సరుకుకు గడువు ఉంటుంది.

మీ గడువు ఎంతో కూడా చూద్దాం. దీపావళి అయిపోయింది, మిఠాయిలకు శనగపిండి కొనే సీజను దాటిపోయింది. జనవరి నెలాఖరు నుంచి మన దగ్గరా కర్ణాటకలోనూ కొత్త శనగ మొదలవుతుంది, మార్చికి మధ్యప్రదేశ్ పంట దిగుతుంది. ఈ నవంబరు నుంచి లెక్కేస్తే మీ పాత సరుకుకు మిగిలింది పది పదకొండు వారాలు. ఈలోపు ఆస్ట్రేలియాలో శనగ కోతలు జరుగుతాయి, ఆ సరుకు ఓడల్లో మన దేశానికే ఎక్కువగా వస్తుంది. ప్రభుత్వం 2024 మేలో విదేశీ శనగల మీద సుంకం పూర్తిగా ఎత్తేసింది, 2025 ఏప్రిల్ నుంచి మళ్లీ 10 శాతం పెట్టింది. శనగపిండిలో కలిపే పసుపు బఠానీ 2023 డిసెంబరు నుంచి సుంకం లేకుండా వచ్చింది, 2025 నవంబరు 1 నుంచి దాని మీద 30 శాతం వేశారు. ఈ కబురు మీ బావమరిది చెవిన పడే ఉంటుంది. మంచి కబురే, కాదనను. కానీ సుంకం లేనప్పుడు వచ్చిన బఠానీ ఇంకా వ్యాపారుల గోదాముల్లో ఉంటుంది, అది తరిగేదాకా దీని బలం పూర్తిగా కనిపించదు. పైగా పప్పు ధర పట్నంలో బాగా పెరిగితే కేంద్రం తన దగ్గరున్న నిల్వ బయటకు తీస్తుంది, 2023లో భారత్ దాల్ పేరుతో కిలో 60కి శనగపప్పు అమ్మింది అలాగే. కొంచెం పెరగొచ్చు. ఏడు వేల కల మాత్రం ఈ ఏడాదికి పక్కన పెట్టండి.

ఇంకో మాట. 2026లో చేతికొచ్చే పంటకు శనగ మద్దతు ధర 5,875 అని ప్రకటించారు, 2025 పంటకు అది 5,650. ‘అయితే పాతవి ఉంచి అప్పుడు అమ్ముతా’ అనిపిస్తుంది మీకు. అది కొత్త పంటకు, ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) పేరున్న రైతుకు ఇచ్చే ధర. పాత బస్తాలను దానికోసం ఆపొద్దు.

ఇక నా సలహా. ఏసీలోని 60లో 40 క్వింటాళ్లు ఈ వారమే అమ్మండి. అప్పులో మూడింట రెండు వంతులు కట్టి ఆ మేరకు బస్తాలు విడిపించుకుంటానని ముందుగా మాట్లాడుకోండి, కొనే వ్యాపారే ఆ డబ్బు నేరుగా కట్టి సరుకు ఎత్తుకునే పద్ధతీ ఉంటుంది. 40 క్వింటాళ్లకు 2,12,000 వస్తుంది. అందులో ఏసీ అప్పుకు 1,33,000, ఇప్పటిదాకా అయిన వడ్డీ 16,000, ఆ 40కి అద్దె 8,000 పోతే 55,000 మిగులుతుంది. ఇంట్లోవి శుభ్రం చేసి అమ్మిన 56,000 దానికి కలపండి. 1,11,000. అది మొత్తం తీసుకెళ్లి బయటి రెండు రూపాయల వడ్డీ లక్ష తీర్చేయండి. వడ్డీ తాలూకు ఐదు వేలు తక్కువ పడతాయి, అవి అడిగి తగ్గించుకోండి లేదా పది రోజులు గడువు పెట్టుకోండి. చిన్న అప్పు ముందు తీరిస్తే ఏమొస్తుందని అనుకోవద్దు, నూటికి రెండు తినే అప్పు ఒక్క నెల కూడా ఉండకూడదు.

అప్పుడు మీ దగ్గర ఏసీలో 20 క్వింటాళ్లు, వాటి మీద 67,000 అప్పు మిగులుతాయి. వాటిని మోసే ఖర్చు క్వింటాలుకు నెలకు 50 రూపాయలకు దిగుతుంది. ఆ 20లో క్వింటాలున్నర విత్తనానికి, ఒకటి ఇంటి పప్పుకు. మిగతా 17 మీద మీ బావమరిది మాట నిలబెట్టండి, ఆగండి. ఆరు వేలు తాకితే ఆ రోజే అమ్మండి. తాకకపోయినా సంక్రాంతి వెళ్లిన వారంలో అమ్మేయండి. ఈ తేదీ ఇప్పుడే క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. ఆ రోజు వస్తే మనసు ‘ఇంకో వారం’ అంటుంది, అందరికీ అంతే.

ఇంట్లో బస్తాల సంగతి వెంటనే చూడాలి, దీనికి రేపు ఎల్లుండి అని లేదు. పుచ్చు పురుగు మన ఇంట్లో పుట్టదు, చాలాసార్లు పొలంలోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతోపాటు ఇంటికి వస్తుంది. నెలకో తరం పెరుగుతుంది, మార్చి నుంచి ఎన్ని తరాలో మీరే లెక్కేసుకోండి. ఒక బస్తా మూతి విప్పి మధ్యలోకి చెయ్యి పెట్టి చూడండి. చెయ్యికి వెచ్చగా తగిలిందంటే లోపల పురుగు బాగా పని చేస్తోందన్నమాట. ఒక గుప్పెడు గింజలు ఎండలో అరచేతిలో పెట్టుకుని చూడండి. గింజ మీద నువ్వుగింజ కంటే చిన్న తెల్ల చుక్కలు అంటుకుని ఉంటే అవి గుడ్లు. గుండ్రని కన్నం ఉంటే పురుగు బయటకు వెళ్లిపోయింది. కన్నం లేదు గానీ గింజ మీద కిటికీలా పలుచని మచ్చ కనిపిస్తే పురుగు ఇంకా లోపలే ఉంది, ఆ బస్తా పక్కనున్న మంచి బస్తాను కూడా పాడు చేస్తుంది.

అన్ని బస్తాలూ ఇంటికి దూరంగా కళ్లంలోనో డాబా మీదో టార్పాలిన్ పరిచి పోయండి. బాగా ఎండ కాసిన రెండు మూడు రోజులు పలుచగా ఆరబెట్టండి, సాయంత్రం మంచు పడకముందే కప్పేయండి. గింజ కొరికితే కటుక్కున విరగాలి, పంటి కింద సాగితే ఇంకా తేమ ఉన్నట్టు. నిల్వకు తేమ పది శాతం లోపు ఉండాలి, రైతు సేవా కేంద్రంలో తేమ చూసే మీటరు ఉంటే ఒకసారి చూపించండి. తర్వాత జల్లెడ పట్టి పుచ్చు గింజలు వేరు చేయండి. పాత గోనెలు మళ్లీ వాడొద్దు, వాటి కుట్లలో గుడ్లు ఉంటాయి. తప్పనిసరైతే వేడినీళ్లలో ఉడికించి ఎండబెట్టి వాడండి. అమ్మే సరుకు కాబట్టి ఆరగానే అమ్మేయడమే మేలు, మళ్లీ ఇంట్లో పేర్చొద్దు. ఇంటి కోసం ఉంచుకునేది పప్పుగా ఆడించుకోండి. ఈ పురుగు గుడ్డు పెట్టేది నిండు గింజ మీద, బద్దను పెద్దగా పట్టించుకోదు. మన పెద్దవాళ్లు కందులను పప్పు కొట్టి దాచింది ఊరికే కాదు.

ఒక్క పని మాత్రం చేయొద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను. దుకాణంలో పురుగుకు గోళీలు ఇస్తారు, అల్యూమినియం ఫాస్ఫైడ్. బస్తాల్లో వేసి గది తలుపు మూసి పక్క గదిలో పడుకుంటారు చాలామంది. గాలిలో తేమ తగలగానే ఆ గోళీ నుంచి విషవాయువు వస్తుంది, తలుపు సందుల్లోంచి పక్క గదికి పాకుతుంది. పిల్లలు, పెద్దలు నిద్రలోనే ప్రాణాలు పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. అది గోదాముల్లో శిక్షణ ఉన్నవాళ్లు వాడే మందు, మనుషులు ఉండే ఇంట్లో ఎన్ని తక్కువ వేసినా వాడకూడదు. విత్తనం కోసం కొంచెం దాచాలంటే గాలి చొరని మూడు పొరల సంచులు వస్తున్నాయి, లోపల రెండు ప్లాస్టిక్ సంచులు, పైన మామూలు బస్తా. బాగా ఆరిన గింజ నింపి ఒక్కో మూతీ గట్టిగా మెలిపెట్టి కడితే లోపలున్న పురుగుకు గాలి అందక చస్తుంది, మందుతో పని లేదు. అవి దొరకకపోతే కిలో గింజకు ఐదు మిల్లీలీటర్ల వంటనూనె పట్టించినా చాలావరకు ఆగుతుంది.

ఇప్పుడు పొలం. తుపాను నీళ్లు దిగి నేల పదునుకు వచ్చేదాకా ఎద వేయొద్దు. పక్కవాడు గొర్రు కట్టాడని తడి నేలలో శనగ వేస్తే గింజ కుళ్లుతుంది, మొలిచిన మొక్క మొదలు కుళ్లి చస్తుంది. నవంబరు చివరి వరకు అదను ఉంది. డిసెంబరులోకి జరిగితే మాత్రం పూత కాయ దశలో ఎండ తగిలి, నేలలో పదను అయిపోయి దిగుబడి పడిపోతుంది. అప్పటికీ పొలం ఆరకపోతే శనగ మానేయడమే మంచిది.

తొమ్మిదిలో నాలుగెకరాలు శనగ చాలు. ఏసీలోంచి తెచ్చిన గింజే విత్తనానికి వాడండి, ఇంట్లో పుచ్చు పట్టిన బస్తాల్లోంచి వద్దు, పైకి బాగున్న గింజలో కూడా మొలక తిని ఉంటుంది. విత్తే ముందు ట్రైకోడెర్మా (తెగులును అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం పొడి) పట్టించండి, మీ నేలలో ఎండు తెగులు ఎప్పుడూ ఉండేదే. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేయండి, పక్క చేల నుంచి పురుగు రాకుండా కొంత అడ్డం ఉంటుంది. మూడెకరాలు జొన్న. గింజ ధర గురించి మాత్రమే కాదు, మీ ఇంట్లో రెండు గేదెలున్నా చొప్ప కొనే ఖర్చు పోతుంది. 2025-26లో హైబ్రిడ్ జొన్నకు మద్దతు ధర 3,699. చిన్న చెక్కలో ఒక్కరే వేస్తే పిట్టలు మొత్తం తినేస్తాయి, అందుకని పక్క పొలంవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేచోట వేసుకునేలా మాట్లాడుకోండి. మిగతా రెండెకరాలు మినుము, టీబీజీ-104 లాంటి, పల్లాకు తెగులు (ఆకులు పసుపెక్కే తెగులు) తట్టుకునే రకం. 2025-26లో దాని మద్దతు ధర 7,800. శనగ పడినప్పుడు మినుము కూడా పడొచ్చు, పడకపోవచ్చు, కనీసం రెండూ ఒకే వ్యాపారి చేతిలో ఉండవు.

కౌలు ఎకరం ఎంతో మీరు రాయలేదు. మీ వైపు 14,000 దాకా విన్నాను. ఏడు క్వింటాళ్లు పండితే 37,100, ఖర్చు పద్దెనిమిది వేలు, కౌలు పద్నాలుగు. మిగిలేది ఎకరాకు ఐదు వేలు, అదీ ఏమీ తేడా రాకపోతే. బర్లీ పోయాక ఇంతకుముందు కౌళ్లు నిలబడవు, భూమి ఆసామికి కూడా తెలుసు. డబ్బు ఇంకా పూర్తిగా ఇవ్వకపోతే ఈ లెక్క చూపించి తగ్గించమని అడగండి, తగ్గించకపోతే రెండెకరాలు వదిలేయండి. ఉంచుకున్న భూమికి మాత్రం సాగు హక్కు పత్రం (కౌలు రైతు కార్డు) తీసుకోండి. 2019 చట్టం ప్రకారం ఇచ్చే ఆ కార్డు 11 నెలలకే, దానివల్ల భూమి మీద హక్కేమీ రాదని ఆసామికి నచ్చజెప్పండి, చాలామంది ఆ భయంతోనే సంతకం పెట్టరు. అది లేకపోతే ఈ-క్రాప్‌లో మీ పేరు ఎక్కడం కష్టం కావచ్చు. అప్పుడు ఫిబ్రవరిలో 5,875 ఆసామి పేరు మీద పోవచ్చు.

వచ్చే ఏడాది సరుకు దాచాల్సి వస్తే కోల్డ్ స్టోరేజీ గడప తొక్కే ముందు రెండు చోట్లకు వెళ్లండి. ఒకటి మార్కెట్ యార్డు. రైతుబంధు పేరుతో అక్కడి గోదాములో సరుకు పెట్టుకుని విలువలో 75 శాతం దాకా అప్పు ఇచ్చే పథకం ఎప్పటినుంచో ఉంది, మొదటి కొన్ని నెలలు వడ్డీ ఉండదు. మన రైతులు దాన్ని మరిచిపోయారు. రెండోది మీ బ్యాంకు. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతు నమోదైన గోదాములో సరుకు పెట్టి రసీదు తెస్తే, కోత తర్వాత ఆరు నెలల దాకా రాయితీ వడ్డీకే అప్పు దొరుకుతుంది. గోదాముకు కేంద్రం ఏర్పాటు చేసిన గోదాముల నియంత్రణ సంస్థ గుర్తింపు ఉండాలి, అది ముందే అడిగి తెలుసుకోండి.

అమ్మే రోజు మీరూ మీ ఇంటావిడా ఇద్దరూ కలిసి వెళ్లండి. ఏసీలోంచి బస్తాలు దించాక ఇనుప గొట్టం గుచ్చి మీ ఎదురుగానే గింజ తీయమనండి, కాటా మీ ఎదురుగా పెట్టించండి, తరుగు పేరుతో బస్తాకు కిలో తీస్తామంటే ఒప్పుకోవద్దు. పట్టీ మీద ధర, బరువు, కూలి, అన్నీ విడివిడిగా రాయించుకోండి. సాయంత్రానికి బయటి అప్పు కట్టి ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోండి, ‘రేపు ఇస్తాలే’ అంటే అక్కడే కూర్చోండి. అదే రోజు రాత్రి ఏసీ నుంచి తెచ్చిన విత్తనంలో లెక్కపెట్టి వంద గింజలు తీసి తడి గోనెలో చుట్టి ఉంచమని మీ ఇంటావిడతో చెప్పండి. వారానికి ఎన్ని మొలిచాయో నాకు రాయండి. ఎనభై అయిదుకు తగ్గితే విత్తనం మార్చుకోవడానికి ఇంకా రోజులుంటాయి.